స్లీవ్ అంచున సిరామిక్ పెచ్చులుగా ఊడుతుంటే తప్పు పౌడర్‌ది కాదు

మీరు అడిగింది: 50 మి.మీ. ఎస్ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలు) పంపు స్లీవ్‌కు, అంటే షాఫ్ట్ మీద తొడిగే గొట్టానికి, ప్లాస్మా స్ప్రేతో (పౌడర్‌ను కరిగించి చిమ్మే పద్ధతి) అర మిల్లీ మందాన క్రోమియం ఆక్సైడ్ సిరామిక్ వేయించారు, గ్లాండ్ ప్యాకింగ్ (నీరు కారిపోకుండా చుట్టూ బిగించే తాడు) కింద నడుస్తూ అంచు నుంచి పెచ్చులుగా లేస్తోంది, పౌడర్ మార్చాలా అని.

వద్దు. ముందు ఊడిన పెచ్చును తిరగేసి, వెలుతురులో చూడండి. స్లీవ్ మీద ఉత్త స్టీలు మెరుస్తూ, పెచ్చు వెనక బాండ్ కోట్ (సిరామిక్ పట్టుకోవడానికి కింద వేసే లోహపు పొర) అంటుకుని ఉంటే బ్లాస్టింగ్ (గాలితో గరుకు రేణువులు కొట్టి స్టీలును గరుకు చేయడం) సరిగా లేదన్నమాట. బాండ్ కోట్ స్లీవ్ మీదే ఉండి సిరామిక్ ఒక్కటే ఊడితే వేడి, మందం, లేదా రెండు కోట్ల మధ్య చేరిన దుమ్ము. సిరామిక్ పొరలు పొరలుగా చీలితే ఒక్కో పాస్‌కు (స్ప్రే ఒకసారి తిప్పినప్పుడు) మందం ఎక్కువ వేశారు, లేదా పౌడర్ సరిగా కరగలేదు.

మీ కేసులో నా మొదటి అనుమానం మందం మీదే. 316 స్టీలు డిగ్రీకి, మీటరుకు సుమారు 16 మైక్రాన్లు సాగుతుంది. క్రోమియం ఆక్సైడ్ దాంట్లో ఇంచుమించు సగమే. ప్యాకింగ్ బిగించేసి నీటి చుక్క రాకుండా చేస్తే స్లీవ్ వేడెక్కి సాగుతుంది, సిరామిక్ సాగలేక పగులుతుంది. కోటింగ్ ఎంత మందమైతే అంచు దగ్గర లాగుడు అంత ఎక్కువ. గ్రైండింగ్ అయ్యాక సిరామిక్ 0.25 మి.మీ. ఉంటే ఈ పనికి చాలు.

సైజులు (వ్యాసం, మి.మీ.లలో) ఇలా పెట్టుకోండి: 49.3కు టర్నింగ్, బాండ్ కోట్‌తో 49.5, సిరామిక్‌తో 50.25, గ్రైండ్ చేసి 50.00. కోటింగ్ మొదలయ్యే చోట నిలువు మెట్టు కొట్టొద్దు. ఆ మూలలోకి స్ప్రే నేరుగా తగలదు, కరగని దుమ్ము చేరి గుల్లగా ఉండిపోతుంది, ఊడటం అక్కడే మొదలవుతుంది. 45 డిగ్రీల వాలు ఇచ్చి, మూలల్ని గుండ్రంగా తిప్పించండి.

బ్లాస్టింగ్‌కు 24 మెష్ అల్యూమినా, 4–5 బార్ గాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు తేమలో కంప్రెసర్ గాలి నీళ్లు, నూనె మోసుకొస్తుంది. ఒక తెల్ల కాగితాన్ని నాజిల్ ముందు నిమిషం సేపు పట్టుకోండి. మరక పడితే పని ఆపేయండి. బ్లాస్ట్ చేసిన జాబ్‌ను (అంటే స్లీవ్‌ను) చేత్తో ముట్టుకోకూడదు, గంటలోపు స్ప్రే మొదలవ్వాలి. 100 డిగ్రీల వరకు వేడి చేసి, నికెల్-క్రోమ్ 80/20 బాండ్ కోట్ 100 మైక్రాన్లు వేయాలి. ఉప్పునీరు, ఆమ్లం తగిలే చోట నికెల్-అల్యూమినియం బాండ్ కోట్ వాడొద్దు, తుప్పు కింద నుంచి తినేస్తుంది. సిరామిక్ పాస్‌కు 10–20 మైక్రాన్లే వేయాలి, జాబ్ 150 డిగ్రీలు దాటకుండా గాలితో చల్లార్చుతూ ఉండాలి. మధ్యలో భోజనానికి ఆపితే చాలు, ఆపిన చోట పొరల మధ్యే చీలుతుంది.

ప్లాస్మా సిరామిక్‌లో సన్నని రంధ్రాలు ఎలాగూ ఉంటాయి. అందుకే గ్రైండింగ్‌కు ముందే, జాబ్ గోరువెచ్చగా ఉండగా ఎపాక్సీ సీలర్ పూయించండి. గ్రైండింగ్‌కు రెసిన్ బాండ్ డైమండ్ వీలే వాడాలి, ధారగా కూలెంట్ పోస్తూ ఒక్కసారికి 0.01 మి.మీ. మించకూడదు. మామూలు వీల్‌తో రుద్దితే కంటికి కనబడని పగుళ్లు వచ్చేస్తాయి, నింద మాత్రం స్ప్రే చేసినవాడి మీద పడుతుంది.

క్రోమియం ఆక్సైడ్ స్ప్రే పొగలో హెక్సావాలెంట్ క్రోమియం ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. బూత్, డస్ట్ కలెక్టర్, సరైన రెస్పిరేటర్ లేని షాపుకు ఈ పని ఇవ్వకండి.

బిగించేటప్పుడు పుల్లర్ గోళ్లు కోటింగ్ అంచుకు ఆనకూడదు. నడిచేటప్పుడు గ్లాండ్ నుంచి నిమిషానికి 40–60 చుక్కలు కారనివ్వండి. ఇప్పుడున్న స్లీవ్‌కు ఊడిన చోట మాత్రమే ప్యాచ్ వేయిస్తే పాత అంచు మళ్లీ లేస్తుంది; మొత్తం గీయించి, స్టీలు దాకా వెళ్లి, మొదటి నుంచి వేయించండి.