పర్లాకిమిడి డాబా మీది పదేళ్ల వాతావరణ రికార్డును వీవెక్స్ (వాతావరణ కేంద్రాల రీడింగులు దాచే సాఫ్ట్‌వేర్)లోకి మార్చేదెలా?

పాత సీఎస్‌వీ ఫైళ్లకు నకలు తీసి పక్కన పెట్టి, ఖాళీ డేటాబేస్‌తో మొదలుపెట్టండి. యూనిట్లు ముందే ఎంచుకోండి, తర్వాత మార్చడం తలనొప్పి. 'మెట్రిక్' పద్ధతిలో వాన సెంటీమీటర్లలో దాస్తుంది. మిల్లీమీటర్లకు 'మెట్రిక్‌డబ్ల్యూఎక్స్' ఎంచుకోండి.

చాలామంది బోల్తా పడేది వాన కాలమ్ దగ్గరే. దిగుమతి సెట్టింగుల్లో, పాత ఫైల్లో అంకె రోజంతా పెరుగుతూ పోతే 'క్యుములేటివ్', ఏ విరామానిది ఆ విరామానికే ఉంటే 'డిస్క్రీట్' అని రాయాలి. పెరిగే అంకెలకు డిస్క్రీట్ పెట్టారో, ప్రతి రీడింగునూ కూడేసి చిన్న జల్లుకే మహేంద్రతనయకు వరద తెప్పిస్తుంది!

కంప్యూటర్ టైమ్‌జోన్ భారత సమయమేనా చూడండి, లేకుంటే రికార్డుల సమయాలు ముందుకో వెనక్కో జరుగుతాయి. ముందు డ్రై రన్ (డేటాబేస్‌లో ఏమీ రాయని ఉత్తుత్తి దిగుమతి) చేసి, తర్వాత ఒక్క నెలే దించండి. 2018 అక్టోబర్ మంచిది: 11న తిత్లీ తుఫాను తెల్లవారుజామున తీరం దాటింది, పీడనం ఆ ఉదయమే పడిపోయి కనిపించాలి.