డెమో (పాట నమూనా రికార్డింగు) పాడతామని ఒప్పుకున్న గాయనులు జారుకుంటున్నారా?

పాట నచ్చకపోవడం కన్నా శ్రుతి కుదరకపోవడమే కారణమై ఉంటుంది. మీ మగ గొంతుకు కట్టిన ట్రాక్‌నే (పాట వెనక వాయిద్యాల రికార్డింగు) ఆ గాయనులందరికీ పంపి ఉంటే, చిక్కు అక్కడే.

1. పల్లవినీ, చరణంలో అన్నిటికన్నా పైకి వెళ్లే పాదాన్నీ మాత్రం ఫోనులో పాడి పంపమనండి. ఆ పాదంలో గొంతు బిగిస్తే శ్రుతి మార్చాలి.

2. మగ గొంతుకు కట్టిన పాటను తరచు 5 నుంచి 7 మెట్లు జరపవలసి వస్తుంది, కీబోర్డు మీది నల్ల మెట్లనూ కలిపి లెక్కిస్తే. రికార్డయిన ట్రాక్‌ను సాఫ్ట్‌వేర్‌తో అంతగా జరిపితే గిటార్ బొమ్మ వాయిద్యంలా వినిపిస్తుంది. ఓపిక చేసుకుని మళ్లీ వాయించండి.

3. కొత్త శ్రుతిలో ట్రాక్, సాహిత్యం పంపండి. గొంతును విడిగా, ఎకో లేకుండా, 24 బిట్ల వేవ్ (WAV) ఫైలుగా అడగండి.

4. పారితోషికం, హక్కులు ముందే రాతలో పెట్టుకోండి.