హ్యామ్ లైసెన్స్ మీద డెలివరీ వ్యాన్లని ట్రాక్ చేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నాకు హ్యామ్ లైసెన్స్ (హాబీగా రేడియో వాడుకునే అమెచ్యూర్ లైసెన్స్) ఉంది. నా కారులో ఏపీఆర్ఎస్ ట్రాకర్ (లొకేషన్‌ని హ్యామ్ రేడియో మీద పంపే పరికరం) పెట్టుకున్నా, బాగా పనిచేస్తోంది. మా షాపు డెలివరీ వ్యాన్లలో కూడా నా కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే రేడియో గుర్తింపు) మీదే పెడదాం అనుకుంటున్నా, నెలనెలా సిమ్ ఖర్చు తప్పుతుంది కదా. బయటోళ్ళకి కనపడకుండా ఎన్‌క్రిప్ట్ చేసుకోవచ్చా? డ్రైవర్లకి చెప్పాలా?

జవాబు: వద్దండి. మీ కారులో ఉన్నదానికి ఏ ఇబ్బందీ లేదు, తేడా కొట్టేది వ్యాన్ల దగ్గరే. అమెచ్యూర్ సర్వీస్ అంటే సొంత ఆసక్తితో, డబ్బు లాభం చూసుకోకుండా, నేర్చుకోడానికి వాడుకునేదని ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) రేడియో రెగ్యులేషన్స్‌లోనే రాసుంది, దేశాలు తమ లైసెన్స్ రూల్స్ రాసుకునేది దాన్ని పట్టుకునే. సరుకు ఎక్కడిదాకా వెళ్ళిందో చూసుకోవడం ఎంత చిన్న షాపుకైనా వ్యాపారమే. "నేను దీనికి ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోట్లేదు కదా" అంటారేమో, సిమ్ ఖర్చు తప్పుతుందని మీ చేత్తో మీరే రాశారు, అవతలి లాయర్‌కి ఆ ఒక్క ముక్క చాలు.

ఎన్‌క్రిప్షన్ ఇంకా పెద్ద తలనొప్పి. వేర్వేరు దేశాల అమెచ్యూర్ స్టేషన్ల మధ్య అర్థం దాచిపెట్టే కోడ్‌లో పంపకూడదని అదే రెగ్యులేషన్స్ 25వ ఆర్టికల్ చెప్తుంది, చాలా దేశాలు తమ లోపలి ట్రాఫిక్‌కి కూడా అదే రూల్ పెట్టాయి. పైగా మీ ట్రాకర్ పంపే ప్యాకెట్‌ని (చిన్న డేటా ముక్కని) డిజిపీటర్, అంటే సిగ్నల్ అందుకుని ముందుకి పంపే ఇంకో హ్యామ్ స్టేషన్, దానంతటదే మళ్ళీ పంపుతుంది, అంటే మీరు చేసిన ఉల్లంఘనని ఇంకెవరో హ్యామ్ తన స్టేషన్ మీద మోస్తున్నట్టు. కాల్‌సైన్ పక్కన మైనస్ తొమ్మిది (కదిలే వాహనం అనే గుర్తు) తగిలించుకుని తిరిగే ఆ వ్యాన్‌లో హ్యామ్ లైసెన్స్ లేని డ్రైవర్ ఉన్నా, మీరు షాపులో కూర్చున్నా, గాల్లోకి వెళ్ళే ప్రతి బీకన్‌కీ (లొకేషన్ సిగ్నల్‌కీ) జవాబు చెప్పాల్సింది మీరే.

ఇక డ్రైవర్లు. చెప్పకుండా పెడితే అది ఇంకో కేసు. ప్యాకెట్ ఐగేట్‌కి (రేడియో సిగ్నల్‌ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించే స్టేషన్‌కి) చిక్కితే ఇంటర్నెట్ మ్యాప్ మీద పడుతుంది, పాత రూట్లు కూడా అక్కడ ఉండిపోతాయి, డ్యూటీ అయ్యాక వ్యాన్ రాత్రంతా ఏ వీధిలో ఆగుందో చూస్తే డ్రైవర్ ఇల్లు తెలిసిపోయినట్టే. "నా హాబీ, నా ఇష్టం" అనే వాదన యూరప్‌లో అయితే నిలబడదు, వేరేవాళ్ళ వివరాలు ఎవరైనా చూసేలా నెట్‌లో పెడితే అది వ్యక్తిగత వాడకం కిందకి రాదని 2003లోనే లిండ్‌క్విస్ట్ కేసులో యూరోపియన్ కోర్టు తేల్చేసింది. మిగతా చోట్ల చట్టం పేరు వేరే కావచ్చు గానీ ఉద్యోగిని దొంగచాటుగా ట్రాక్ చేశారంటే ఏ జడ్జికీ నచ్చదు.

వ్యాన్లకి సిమ్ ఉన్న మామూలు జీపీఎస్ ట్రాకర్ తీసుకోండి, లేదంటే మీ దేశంలో లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్‌లో పవర్ లిమిట్ దాటకుండా లోరా (తక్కువ పవర్‌తో దూరం పంపే రేడియో టెక్నాలజీ) పెట్టుకోండి, అక్కడ ఎన్‌క్రిప్షన్‌కి ఈ అమెచ్యూర్ రూల్ అడ్డు రాదు. ఏది పెట్టినా డ్రైవర్‌కి ముందే చెప్పి కాగితం మీద సంతకం తీసుకోండి, డ్యూటీ అయ్యాక ఆఫ్ అయ్యేలా చూడండి.

మీ కారు విషయంలో అడగకపోయినా ఒక మాట: కొన్ని దేశాల్లో కాల్‌సైన్ కొడితే లైసెన్స్‌లోని అడ్రస్ ఎవరికైనా దొరుకుతుంది, అందుకే మీరు ఊళ్ళో లేరని మ్యాప్ చూసి చెప్పేయొచ్చు. పొజిషన్ యాంబిగ్యుటీ (లొకేషన్‌ని కావాలనే కాస్త మసకగా పంపే) సెట్టింగ్ వాడండి, అక్షాంశ రేఖాంశాల్లో చివరి అంకె ఒకటి తీసేస్తే లొకేషన్ దాదాపు 180 మీటర్ల మేర మసకబారుతుంది, రెండు తీసేస్తే 1.8 కిలోమీటర్లు. ఇది ఎన్‌క్రిప్షన్ కాదు, ఏపీఆర్ఎస్‌లోనే ఉన్న సౌకర్యమే, వాడుకుంటే తప్పేం లేదు.