మూడు సగటులను పోల్చడానికి అనోవా ఎందుకు?

మూడు ఎరువుల దిగుబడులను జతలు జతలుగా టీ-టెస్టుతో (రెండు సగటులను పోల్చే పరీక్షతో) పోలిస్తే చాలదా అని అడిగారు. చాలదు. ఒక్కో టెస్టులో 5 శాతం పొరపాటుకు ఒప్పుకుంటే, మూడూ కలిసేసరికి లేని తేడాను ఉందనుకునే ప్రమాదం 12 శాతం దగ్గరికి పోతుంది.

అనోవా (అనాలిసిస్ ఆఫ్ వేరియన్స్, అంటే విస్తృతి విశ్లేషణ) ఒకే ప్రశ్న వేస్తుంది: సగటులన్నీ సమానమేనా? పేరులో ఉన్నది విస్తృతి, అంటే విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత; తేల్చేది సగటుల సంగతి. చాలామంది తికమకపడేది ఇక్కడే. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పంట ప్రయోగాలు చూస్తూ గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ దీన్ని రూపొందించాడు. ఒకే ఎరువు వేసిన మళ్లలో కూడా దిగుబడి ఒకేలా రాదు. నేల వేరు, తేమ వేరు. ఆ సహజమైన హెచ్చుతగ్గులతో పోలిస్తే ఎరువుకూ ఎరువుకూ మధ్య హెచ్చుతగ్గులు ఎన్ని రెట్లు? ఆ నిష్పత్తే ఎఫ్. అది 1 దగ్గరుంటే తేడా ఉందనడానికి ఆధారం లేనట్టే. బాగా పెద్దదైతే కనీసం ఒక సగటు వేరు. అది ఏదో తెలియాలంటే ఆ తర్వాత, మొత్తం పొరపాటు ప్రమాదాన్ని అదుపులో ఉంచుతూ జతలను పోల్చే టూకీ పరీక్ష చేయండి.