నిర్మాత ఆవిడ కాళ్ల మీద పడ్డాడా?

అమ్మాయీ,

నీ నాటకం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకున్నాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. పాతకాలపు సినిమా తార మీద పాటలతో కామెడీ అంటే ముచ్చటేసింది. కానీ తెర లేవగానే పనిమనిషి, డ్రైవరు, పక్కింటావిడ వరసపెట్టి "ఆవిడ ఉత్త గొప్పలమారి" అని మనకి చెప్పేశారు. ఇక ఆవిడొచ్చి చేసేదేముంది?

ఈ తప్పు నేనూ చేశాను. కుర్రతనంలో ఇలాంటి నాటికే రాసి, వయసు మళ్లిన హీరోయిన్ విగ్గు మీదా ఒళ్లు మీదా బోలెడు జోకులు వేశాను. ఐదో జోకుకల్లా వెనక వరసలవాళ్లు టీకి లేచిపోయారు. తెర దించాక హార్మోనియం వాయించిన పెద్దాయన ఒక్క ముక్కే అన్నాడు: "అన్నీ నువ్వే అనేశావు, ఆవిణ్ణి నోరు తెరవనివ్వలేదు కదయ్యా."

ఆ మాట ఎంత నిజమో 'లిటిల్ మీ' అనే మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, గురించి చదివాక బాగా తెలిసింది. 1962 నవంబరులో న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేలో మొదలైంది. మాటలు నీల్ సైమన్, సంగీతం సై కోల్‌మన్, పాటలు కెరొలిన్ లీ. దానికి మూలం పాట్రిక్ డెన్నిస్ నవల. ఆ నవలే ఒక ఉత్తుత్తి ఆత్మకథ. బెల్ ప్వాట్రీన్ అనే సినిమా తార తన జీవితం తానే చెప్పుకుంటుంది. ప్వాట్రీన్ అంటే ఫ్రెంచిలో వక్షస్థలం. ఆవిడకి మాత్రం అది పెళ్లితో వచ్చిన మర్యాద గల ఇంటిపేరు! ఆ పేరిచ్చిన మొగుడు ఫ్రెడ్ మొదటి ప్రపంచయుద్ధం నాటి సైనికుడు. పోయింది తుపాకీ దెబ్బకి కాదు, టైప్‌రైటర్‌లో వేలు ఇరుక్కుని.

కథంతా పెద్ద బెల్ చెబుతుంటే చిన్న బెల్ మన కళ్లముందు బతుకుతుంది. ఇద్దరు నటీమణులు. చెప్పేదానికీ జరిగేదానికీ మధ్య సందు ఉంది చూడు, నవ్వంతా అక్కడే పుడుతుంది. నీ రెండో సీన్‌లో తార "నిర్మాత నా కాళ్ల మీద పడ్డాడు" అంటుంది, వెంటనే డ్రైవరు "అబద్ధం" అంటాడు. ఆ డ్రైవర్ని తీసెయ్. ఆవిడ ఆ మాట అంటుండగానే నిర్మాత నిజంగానే కాళ్ల దగ్గర మోకరిల్లాలి, కోటు బొత్తాం ఊడి సోఫా కిందకి దొర్లిపోయింది కాబట్టి. ఆవిడ లాలనగా ఆయన తల నిమరాలి. బొత్తాం దొరగ్గానే ఆయన లేచి వెళ్లిపోవాలి. అంతే, ఒక్క మాట కూడా వద్దు.

పాటల్లోనూ అంతే. వెటకారం మాటల్లో ఉండనీ, ట్యూన్‌లో వద్దు. నీ తార ముక్కుతో రాగాలు తీస్తుందని రాశావు, అది రెండు నిమిషాల సరదా. ఆవిడ శ్రుతిలో, ప్రాణం పెట్టి పాడాలి. మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్ అనగానే చచ్చిపడిన పాత్ర లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేది. ఆ నటుడికి అందులో నవ్వులాటేమీ లేదు, అందుకే మనకి ఇప్పటికీ నవ్వొస్తుంది.

నీ నాటకంలో నిర్మాత, డైరెక్టరు, హీరో ముగ్గుర్నీ ఒకే నటుడు వెయ్యాలన్నావు. 'లిటిల్ మీ'లోనూ ఆ కిటుకే ఉంది. సిడ్ సీజర్ ఏడు వేషాలు వేశాడు: పిసినారి బ్యాంకరు, ఫ్రెంచి గాయకుడు, జర్మన్ సినిమా డైరెక్టరు, ఇంకా ఇంకా. ఒకే మొహం తిరిగి తిరిగి వస్తుంటే బెల్‌కి మగాళ్లందరూ ఒకే నిచ్చెనకి మెట్లు అన్న సంగతి చెప్పకుండానే తెలుస్తుంది. కానీ దీనికో చిక్కుంది. సీజర్ అప్పటికే టీవీలో మహా స్టారు, ఆ టీవీ రోజుల్లో అతనికి రాసినవాళ్లలో సైమన్ ఒకడు. కాబట్టి స్టార్‌డమ్‌ని ఎగతాళి చేసే నాటకం కాస్తా ఒక స్టారు కొలతలకి కుట్టిన చొక్కా అయిపోయింది. ఆ నాటకం అంటే జనానికి బెల్ కన్నా సీజరే ముందు గుర్తొస్తాడు. 1982లో ఆ వేషాలు ఇద్దరికి పంచి చూశారు, ఎక్కువ రోజులు ఆడలేదు. 1998లో మళ్లీ ఒక్కడికే, మార్టిన్ షార్ట్‌కి ఇచ్చారు. బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు అతనికొచ్చింది. నాకైతే ఇప్పటికీ ఆ రచన బెల్‌కి కొంత అన్యాయం చేసిందనే అనిపిస్తుంది. నీ కథ ఎవరిదో ఇప్పుడే తేల్చుకో. మీ నటుడు బాగా నవ్విస్తాడని తెలుసు, రిహార్సల్లో రోజుకో డైలాగు అడుగుతాడనీ తెలుసు. ఇవ్వకు.

ఇంకొకటి, వేషం మార్చుకునే టైమ్. నిర్మాత వింగ్‌లోకి వెళ్లిన మూడో డైలాగుకే డైరెక్టరై రావాలని రాశావు. పంచె విప్పి ప్యాంటు తొడిగి, మీసం పీకి టోపీ పెట్టాలంటే ఎంతసేపు పడుతుందో ఇంట్లో మీ తమ్ముడి చేత చేయించి, గడియారం పెట్టి చూడు. ఆ సమయానికి సరిపడా మాటలు తారకే ఇవ్వు. ఆవిడ దగ్గర చెప్పుకోవడానికి కబుర్లకి కొదవా?

టీ నగర్ ఇంటి వరండాలో ఆవిడ పాత మేకప్ పెట్టె తెరిచే చోట మాత్రం ఒక్క అక్షరం మార్చకు. అక్కడ నేను నవ్వలేదు, పెన్సిల్ కింద పెట్టేశాను. తిరగరాశాక మొదటి రెండు సీన్లు పంపు. పోస్టులోనే పంపు, ఫోన్‌లో చదివితే కళ్లు లాగుతున్నాయి.

ఆశీస్సులతో,
మాస్టారు