హవాయి మాక్ సలాడ్: పలుకు మిగలకూడదు

ప్రశ్న: కొత్తగా హొనొలులు వచ్చాం అక్కా. ఆదివారం మావారి ఆఫీసువాళ్లంతా బీచ్ పార్కులో కలుస్తున్నారు. తలా ఒకటి వండుకెళ్లాలి, నాకు మాక్ సలాడ్, అంటే మయొనైజ్ కలిపిన చల్లటి మకరోనీ, వచ్చింది. మేం గుడ్డు తినం. దీనికి పోపు వేయొచ్చా?

జవాబు: ఈసారికి పోపు వద్దమ్మా. అక్కడికొచ్చేవాళ్లు చిన్నప్పటి నుంచీ తింటున్న వంట ఇది. ముందు వాళ్ల పద్ధతిలో చెయ్యి. ఆవాలూ కరివేపాకూ తర్వాత నీ ఇంట్లో నీ ఇష్టం.

ఇక్కడ ప్లేట్ లంచ్ అంటే రెండు గుండ్రటి అన్నం ముద్దలు, ఒక ముద్ద మాక్ సలాడ్, పక్కన మాంసమో చేపో. దాని మూలాలు చెరకు తోటల్లో ఉన్నాయి. చైనా, జపాన్, పోర్చుగల్, కొరియా, ఫిలిప్పీన్స్ నుంచి కూలీలు వచ్చారు. మనవాళ్లు ఫిజీకి, మారిషస్‌కి వెళ్లిందీ అలాంటి తోటల పనికే. మధ్యాహ్నం మిగులన్నం, కూర డబ్బాలో పెట్టుకుని పొలానికి పోయేవాళ్లు. ఆ తిండే తర్వాత బళ్ల మీదికి, హోటళ్లలోకి వచ్చింది. ఆఖరి చెరకు తోట 2016లో మావీ దీవిలో మూతపడినా ఆ ప్లేటు మాత్రం ఇంటింటా ఉంది. అందుకే దీన్ని మనం శ్రద్ధగా చేసి తీసుకెళ్తే వాళ్లకి నిజంగా సంతోషం.

ఇక గుడ్డు సంగతి. ఇండియాలో గుడ్డు లేని మయొనైజ్ ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటారు. అమెరికాలో ఉత్త 'మయొనైజ్' అని రాసుందంటే అందులో గుడ్డు పచ్చసొన ఉన్నట్టే, చట్టమే అలా ఉంది. నువ్వు 'వీగన్' అని రాసిన సీసా తెచ్చుకో. ఇక్కడివాళ్లు మామూలుగా బెస్ట్ ఫుడ్స్ అనే బ్రాండ్ మయొనైజ్ వాడతారు. రాకీ పర్వతాలకు తూర్పున అదే హెల్మన్స్ పేరుతో అమ్ముతారు. మయొనైజ్‌లాగే కనిపించే మిరకిల్ విప్ మాత్రం కొనకు, తియ్యగా ఉంటుంది. బయట కొనే మాక్ సలాడ్‌లో ట్యూనా చేపో, పీత రుచి కలిపిన చేప ముద్దో, ఉడికించిన గుడ్డో ఉండొచ్చు, అడక్కుండా తినకండి.

అసలు కిటుకు ఉడకబెట్టడంలో ఉంది. ఒక పౌను, అంటే 450 గ్రాముల వంకీ మకరోనీ తీసుకో. ప్యాకెట్ మీద రాసిన టైము దాటాక ఇంకో ఐదారు నిమిషాలు ఉప్పునీళ్లలో ఉడకనివ్వు. ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కితే లోపల తెల్ల చుక్క లేకుండా మెత్తగా అణిగిపోవాలి. ఇటాలియన్ వంటకి పలుకు ఉండాలి గానీ దీనికి ఉండకూడదు. పలుకుంటే ఫ్రిజ్‌లో ఇంకా బిగుసుకుపోతుంది, మయొనైజ్ పైపైనే జారుతుంది.

నీళ్లు వార్చిన వెంటనే, పొగలు కక్కుతుండగానే పావు కప్పు యాపిల్ సైడర్ వెనిగర్ పోసి కలుపు. ఘాటు ముక్కుకి తగులుతుంది, మొహం పక్కకి పెట్టుకో. వేడి మీదే మకరోనీ ఆ పులుపంతా పీల్చుకుంటుంది, చల్లారాక పోస్తే అడుగున నిలిచిపోతుంది. పావుగంట ఆగి ఒక కప్పు మయొనైజ్‌లో ఒక కప్పు పాలు, చెంచాడు పంచదార, ఉప్పు, కాస్త ఎక్కువే మిరియాల పొడి గిలక్కొట్టి పొయ్యి. జావలా కనిపిస్తుంది, కంగారుపడకు. పూర్తిగా చల్లారాక రెండు క్యారెట్లు సన్నగా తురిమి, చిన్న ఉల్లిపాయ రసంతో సహా తురిమి వేసి, ఇంకో కప్పు మయొనైజ్ కలుపు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పాలు ఇగిరి చిక్కబడుతుంది. పొద్దున మరీ గట్టిగా ఉంటే రెండు చెంచాల పాలు పోసుకో. ఉప్పు అప్పుడు మళ్లీ చూడు, చలికి రుచి తగ్గుతుంది.

పార్కుకి ఐస్ వేసిన కూలర్ పెట్టెలోనే తీసుకెళ్లు. బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎండ 32 డిగ్రీల సెల్సియస్ దాటితే గంటే. చిన్న గిన్నెలోకి కొంచెం తీసి పెట్టి, అయిపోయాక మళ్లీ నింపు. ఎండలో ఉన్నది ఇంటికి తెచ్చుకోవద్దు. కూలర్‌లో చల్లగా మిగిలింది మూడు రోజుల్లో తినేయండి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకు, మయొనైజ్ విరిగి నూనె తేలుతుంది.