సెక్షన్ మార్చారు, మళ్లీ ఏడుపు మొదలైంది

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకు నాలుగేళ్లు నిండినయ్. జూన్‌ల ఎల్‌కేజీల ఏసినం. పది రోజులు ఏడ్చిండు, తర్వాత మంచిగనే పోయిండు. పిల్లలు ఎక్కువైన్రని ఆగస్టుల ఏ సెక్షన్ నుంచి బి సెక్షన్‌కు మార్చిన్రు. రెండు వారాల సంది పొద్దున లేస్తనే కడుపునొప్పి అంటుండు, గేటు కాడ నా కొంగు ఇడుస్తలేడు. రెండుసార్లు నిక్కరు తడుపుకున్నడని ఆయా చెప్పింది. ఇంట్ల ఎన్నడూ అట్ల చెయ్యలె. పాత సెక్షన్‌ల ఎయ్యమని అడగాల్నా? మా అత్తమ్మ ఈ ఏడు మాన్పియ్యమంటున్నది.

జవాబు: జూన్‌లో పది రోజులకే అలవాటు పడ్డ పిల్లవాడు బడికి భయపడే రకం కాదమ్మా. ఆ పది రోజుల్లో వాడు టీచరు ముఖం, తను కూర్చునే చోటు, బ్యాగు పెట్టే మూల, బాత్రూమ్‌కు తీసుకుపోయే ఆయా, ఇవన్నీ గుర్తుపెట్టుకున్నాడు. ఆగస్టులో అవన్నీ ఒక్క పూటలో పోయాయి. మనకది పక్క గదే, వాడికి మాత్రం ఊరు మారినట్టే.

ముందు నిక్కరు సంగతి. ఇవాళ సాయంత్రం వాటర్ బాటిల్ మూత తీసి చూడండి. పొద్దున నింపినంత నీళ్లు అట్లాగే ఉంటే, బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని వాడు తాగడం మానేశాడని అనుమానించాలి. నాలుగేళ్ల పిల్లల మూత్రాశయంలో పట్టేది సుమారు 150 నుంచి 180 మి.లీ., అంటే ఒక చిన్న గ్లాసెడు. రెండు మూడు గంటలకోసారి పోవాల్సిందే. కొత్త టీచరును అడగడానికి మొహమాటపడి బిగబట్టుకుంటాడు, చివరి నిమిషంలో పరుగెత్తుతాడు, అక్కడ నిక్కరు హుక్కు ఊడదు. ఈ హుక్కు దగ్గరే చాలామంది పిల్లలు ఓడిపోతారు. యూనిఫాం కుట్టిన దర్జీతోనే నడుముకు ఎలాస్టిక్ వేయించండి, బెల్టు కొన్నాళ్లు వద్దు. బి సెక్షన్ పిల్లలు వాడే బాత్రూమ్ ఎట్లా ఉందో మీరే ఒకసారి చూసి రండి. ఇంట్లో కమోడ్ ఉండి అక్కడ నేల మీది దొడ్డి ఉంటే, అందులో కాలు పడుతుందేమోనని వాడి భయం. రాగానే ఒకసారి, ఇంటర్వెల్‌లో ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, వాడు అడిగినా అడగకపోయినా పంపమని టీచరుకు చెప్పండి. అందరితో కలిపి పంపితే ఇంకా మంచిది, వీడొక్కడే వేరైనట్టు ఉండదు. బ్యాగులో ఒక జత బట్టలు, ఒక కవరు పెట్టి ఆ సంగతి ఆయాకు చెప్పి ఉంచండి. తడిసినందుకు ఇంట్లో తిట్టొద్దు, చుట్టాల ముందు నవ్వొద్దు.

దొడ్డికి సరిగ్గా పోతున్నాడో లేదో కూడా చూడండి. మలం గట్టిపడితే అది మూత్రాశయాన్ని నొక్కుతుంది. కడుపునొప్పి, నిక్కరు తడవడం రెండూ దాని వల్లే కావచ్చు. మూత్రం పోసేటప్పుడు మంట అన్నా, జ్వరం వచ్చినా పిల్లల డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి.

ఇక గేటు దగ్గర. వాడు అటు చూస్తున్నప్పుడు జారుకోవద్దు. మరునాటి నుంచి కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. రోజూ ఒకే తీరు: ఒక ముద్దు, ఒక మాట, చెయ్యి టీచరుకు అప్పగించడం, వెనక్కి తిరగడం. అర నిమిషం చాలు. ‘పన్నెండున్నరకు వస్తా’ అంటే వాడికి అర్థం కాదు, ‘మీరు అన్నం తిని బ్యాగు సర్దుకోంగనే వస్తా’ అనండి. అన్నట్టే గేటు తెరిచేసరికి అక్కడుండండి. మిగతా పిల్లలందరూ పోయాక పది నిమిషాలు ఒంటరిగా నిలబడితే మర్నాటి ఏడుపు అక్కడే తయారవుతుంది.

జ్వరం, వాంతులు, విరేచనాలు లేకుండా ఉత్త కడుపునొప్పి అయితే పంపించండి. ఏడ్చిన రోజు ఇంట్లో ఉంచి, టీవీ పెట్టి, మర్నాడు పంపితే ఏడుపు పనిచేస్తుందని నేర్చుకుంటాడు. రాత్రి నిద్ర కూడా లెక్కే. ఈ వయసుకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలి. పెద్దల సీరియళ్లు అయ్యేదాకా మేలుకున్న పిల్లవాడికి పొద్దున ఏ బడైనా చేదే.

టీచరును ‘బాగుంటుండా?’ అని అడిగితే ‘బాగుంటుండు’ అనే జవాబే వస్తుంది. ఎన్ని నిమిషాలకు ఏడుపు ఆపాడు, డబ్బాలో ఎంత తిన్నాడు, పక్కన ఎవరు కూర్చున్నారు అని అడిగి క్యాలెండర్ మీద రాసుకోండి. గేటు దగ్గర ఏడుపు తగ్గకపోయినా లోపల అరగంట ఏడ్చేవాడు పది నిమిషాలకు వచ్చాడంటే దారిలో పడ్డట్టే. పక్కన కూర్చునే ఆ పిల్లనో పిల్లవాణ్ణో ఆదివారం ఒక గంట ఇంటికి పిలవండి. పాత సెక్షన్ స్నేహితుడి కంటే ఇప్పుడు ఈ కొత్త స్నేహమే పనికొస్తుంది.

పాత సెక్షన్ అడగాలా అంటే, ఇప్పుడే వద్దు. మళ్లీ మారిస్తే జూన్ నుంచి వాడు మూడోసారి కొత్తగా మొదలుపెట్టినట్టవుతుంది. ఇవన్నీ చేస్తూ ఇంకో నాలుగు వారాలు చూడండి. క్యాలెండర్ మీద ఏ మార్పూ లేకపోతే అప్పుడు ప్రిన్సిపాల్‌ను అడగండి. ‘ఏ సెక్షన్‌ల తెలివిగల్ల పిల్లలుంటరు’ లాంటి మాట మాత్రం వాడి చెవిన పడనీయకండి. మీ అత్తమ్మకు ఇంకో మాట చెప్పండి, ఈ ఏడు మాన్పిస్తే వచ్చే జూన్‌లో ఈ ఏడుపు మొదటి నుంచి మొదలవుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం నాలుగు వారాలు ఆగొద్దు. ఒంటి మీద దెబ్బల గుర్తులు కనిపించినా, ఒక్క మనిషి పేరెత్తితేనే బిగుసుకుపోతున్నా, తడిపినందుకు అందరి ముందు నిలబెట్టారని తెలిసినా వెంటనే ప్రిన్సిపాల్ దగ్గర కూర్చోండి. వినకపోతే పిల్లల సహాయానికి ఫోన్ నంబరు 1098 ఉంది, ఖర్చు లేదు. ఈలోగా ‘ఎవరన్న కొట్టిన్రా?’ అని గుచ్చి అడగొద్దు, ఈ వయసు పిల్లలు అడిగినదానికల్లా ‘ఆఁ’ అంటారు. ‘నువ్వు టీచరు, నేను పిల్లగాణ్ణి’ అని ఆట పెట్టి, వాడు మిమ్మల్ని ఏమంటాడో వినండి.

బతుకమ్మ, దసరా సెలవుల తర్వాత రెండు మూడు రోజులు మళ్లీ ఏడుస్తాడు. అది వెనక్కి పోవడం కాదు. తెరిచే రోజుకు మూడు రోజుల ముందు నుంచే బడి వేళకు నిద్ర లేపండి.